వేళకు రాని పాల వ్యాను

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక పల్లె పేరు ఉండదు. మనుషుల పేర్లు మార్చాను. వ్యాను వేళలైతే కావాలనే తప్పుగా రాశాను. పదకొండేళ్ళుగా నిమిషాలు లెక్కపెట్టి జీతం తీసుకుంటున్నవాణ్ణి, తప్పు వేళలు రాయడం నాకిదే మొదటిసారి. ఎందుకు రాయాల్సి వచ్చిందో చదివితే మీకే తెలుస్తుంది.

మాది తెనాలి. ఉద్యోగం హైదరాబాదులో, ఒక ప్రైవేటు పాల కంపెనీలో. నా పనిని వాల్యూ స్ట్రీమ్ మ్యాపింగ్ అంటారు. పేరు చూసి జడుసుకోకండి. ఒక వస్తువు చివరికి ఎక్కడ చేరుతుందో అక్కడ నిలబడి, అది వచ్చిన దారిలోనే వెనక్కి వెనక్కి పోతూ మొదటిదాకా వెళ్ళాలి. దారిలో ఎక్కడ దాని మీద పని జరిగింది, ఎక్కడ ఊరికే పడి ఉంది అని గడియారం పెట్టి రాసుకోవాలి. పెద్ద కాగితం మీద డబ్బాలు గీసి, డబ్బాకీ డబ్బాకీ మధ్య పడిగాపుల నిమిషాలు వెయ్యాలి. బొమ్మ పూర్తయ్యాక చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. పని అరగంట, పడిగాపులు నాలుగు గంటలు. ఆ పడిగాపుల్ని కోసెయ్యడమే నా ఉద్యోగం.

కడప జిల్లాలో మాకొక తలనొప్పి రూటు ఉంది. సింహాద్రిపురం పక్కన ఒక పల్లెలో మొదలై, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరులో పాలు చల్లబరిచే కేంద్రానికి చేరే వ్యాను అది. ఏ రెండు రోజులూ ఒకే వేళకు రాదు. పాలు విరిగిపోతున్నాయి. వెళ్ళి సంగతేమిటో తేల్చుకు రమ్మన్నారు. ఫ్యాక్షన్ ఊళ్ళని విని మా ఆవిడ బట్టల సంచిలో సిందూరం పొట్లం పెట్టింది. నేను స్టాప్‌వాచీ పెట్టుకున్నాను.

ప్రొద్దుటూరు: గేటు దగ్గర

ప్రొద్దుటూరులో దిగీ దిగగానే కారం దోసె తిన్నాను. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి కారుతూ ఇస్తారు. ఆరు రూపాయలు. మా తెనాలిలో దోసె పక్కన చట్నీ ఉంటుంది, కావాలంటే అద్దుకుంటాం, లేకపోతే మానేస్తాం. ఇక్కడ ఆ అవకాశమే లేదు. మొదటి ముక్కకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హోటలాయన చూసి, "ఏందప్పా, కోస్తా నుంచి వచ్చినావా?" అన్నాడు. నోరు తెరిచి ఒక్క మాటైనా మాట్లాడలేదు, కన్నీళ్ళను బట్టే మా ప్రాంతం కనిపెట్టేశాడు.

పాల కేంద్రం గేటు దగ్గర పొద్దున్న ఏడింటి నుంచి పదకొండింటి దాకా నిలబడ్డాను. తొమ్మిది రూట్ల వ్యాన్లు వస్తాయి. ఒక్కొక్కటీ అరుగు పక్కన ఆగాలి, పాలు పరీక్ష చెయ్యాలి, క్యాన్లు వంపాలి. అంతా కలిపి పదకొండు నిమిషాల పని. కానీ వ్యాను కదలదు. ఖాళీ అయిన క్యాన్లను అదే అరుగు మీద కడిగి, మళ్ళీ వ్యానెక్కించేదాకా డ్రైవరు బీడీ కాల్చుకుంటూ కూర్చుంటాడు. ఎవరి క్యాన్లు వాళ్ళకే కావాలి. ఈలోపు వెనకాల మిగతా వ్యాన్లు ఎండలో నిలబడి ఉంటాయి. ఎనిమిదీ ముప్పావు దాటి వచ్చిన వ్యానుకు గంటా పది నిమిషాలు పడిగాపులు. కాగితం మీద ఆ అంకె వేసి చుట్టూ గీత గీశాను.

మేనేజరు మంచివాడే, కానీ విసిగిపోయి ఉన్నాడు. "ఆ సింహాద్రిపురం రూటు ఇప్పటికి మూడుసార్లు విరగ్గొట్టింది. నాలుగోసారి విరిగితే రూటు ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది," అన్నాడు. రాకపోకల రిజిస్టరు నా ముందు పెట్టాడు. ఎనిమిదీ నలభై, తొమ్మిదీ పది, పదికి ఐదు నిమిషాలు, ఎనిమిదీ యాభై. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదేం వ్యానండీ, దీనికో వేళా పాళా లేదా? ఒక్క ఆదివారాలు మాత్రం వరసగా ఎనిమిదీ ఇరవై, ఎనిమిదీ ఇరవై. ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబోలనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు, నా తెలివి అంత.

"డ్రైవరుకు ఫోన్ చేయించి మీరొస్తున్నారని చెప్పమంటారా?" అన్నాడు మేనేజరు.

"వద్దండీ. చెబితే ఆ రెండ్రోజులూ బుద్ధిగా నడుపుతాడు. చెప్పకుండా చూస్తేనే నిజం తెలిసేది," అన్నాను గొప్పగా. నా వృత్తిలో అది మొదటి పాఠం. ఈ ప్రయాణంలో నేను చేసిన వెధవ పనులన్నిటిలోకీ పెద్దది కూడా అదే.

జమ్మలమడుగు: మలుపు దగ్గర

రెండో రోజు తెల్లారేసరికి జమ్మలమడుగులో ఉన్నాను. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. రెండూ కలిపి నాలుగు రూపాయలు. మరమరాలు నానబెట్టి తాలింపు వేస్తే ఉప్మాలా ఉంటుందని మా వైపు ఎవరికైనా చెబితే నవ్వుతారు. నేను రెండో ప్లేటు కూడా తిన్నాను. ఊళ్ళో గోడలన్నిటి మీదా ఎన్నికల రాతలే. ఒక వీధి గోడలన్నీ ఒక గుర్తు, పక్క వీధి గోడలన్నీ ఇంకో గుర్తు. ఒకే గోడ మీద రెండు గుర్తులు ఎక్కడా కనపడలేదు. మా ఊళ్ళో అయితే ఒకడి రాత మీద ఇంకొకడు రాసి పోతాడు, ఇక్కడ అలాంటి చొరవ ఎవరూ చెయ్యరు.

ముద్దనూరు దారిలో ఊరి బయట ఒక మలుపుంది. మలుపులో కల్వర్టు, పక్కన తుమ్మచెట్టు. అక్కడ నిలబడితే వచ్చే బండి దూరం నుంచే కనపడుతుంది. మెళ్ళో స్టాప్‌వాచీ, చేతిలో అట్ట, అట్టకు కాగితం. ఏడింటికే వెళ్ళి నిలబడ్డాను. ఏ బండి ఎన్నింటికి మలుపు తిరిగింది, ఎంత నెమ్మదించింది అని చేతి అలవాటు కొద్దీ రాసుకుంటున్నాను. కల్వర్టు అవతల టీ బంకు ముసలాయన కాసేపు నన్నే చూశాడు.

"ఎవురప్పా నువ్వు? ఎవురి కోసరం చూస్తాండావు?"

"పాల వ్యాను కోసమండీ."

ముసలాయన లేచాడు. పొయ్యి ఆర్పేశాడు. గ్లాసులు బుట్టలో సర్దుకుని, బంకు రేకు దించి, ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. పొద్దున్న ఏడున్నరకు, గిరాకీ వేళకు, టీ బంకు మూసే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో పాపం అనుకున్నాను.

ఎనిమిది కావస్తుండగా దూరంగా తెల్ల వ్యాను కనపడింది. స్టాప్‌వాచీ మీద వేలు పెట్టి సిద్ధంగా ఉన్నాను. వ్యాను నాకు రెండు ఫర్లాంగుల దూరంలో ఆగింది. అర నిమిషం అలాగే ఉంది. తరవాత అంత ఇరుకు రోడ్డు మీదే గబగబా వెనక్కి తిప్పుకుని, వచ్చినదారినే దుమ్ము రేపుకుంటూ పోయింది. "ఓరి నీ దుంపతెగ, ఎక్కడికిరా!" అని గట్టిగానే అరిచాను. "7:54, కారణం లేకుండా వెనక్కి" అని కాగితం మీద రాసి ఎర్ర సిరాతో గీత కొట్టాను.

ఆ వ్యాను మళ్ళీ కనపడింది పదకొండింటికి, ఊరికి అవతలి వైపు నుంచి వచ్చింది. అప్పటికి నేను వ్యాను దారిలో ఆగే జమ్మలమడుగు పాల సేకరణ కేంద్రం ఎదురుగా, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అక్కడి ఏజెంటు ఒక క్యాను మూత తీసి వాసన చూశాడు. ఇంకోటి తీశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ పల్లె పాలు, అరవై ఇళ్ళ పాలు, మురిక్కాలవలో పోశారు. కాలవ తెల్లగా పారింది. కుక్కలు కూడా ముట్టుకోలేదు. డ్రైవరు, యాభై దాటిన మనిషి, టవలుతో మొహం కప్పుకుని వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి టవలు తీసి, రోడ్డవతల పేపరు పట్టుకున్న నన్ను చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు, పేపరు ఇంకాస్త పైకెత్తాను.

నాలుగోసారి విరగడం అయిపోయింది. ఇక రూటు ఎత్తేస్తారు. ఎస్‌టీడీ బూత్ నుంచి మేనేజరుకు ఫోన్ చేసి, నేను మొదటిదాకా వెళ్ళి వచ్చేవరకు, అంటే రెండ్రోజులు, పైకి రాయకుండా ఆగమని బతిమాలుకున్నాను. ఎందుకు బతిమాలానో అప్పటికి నాకే తెలీదు.

పులివెందుల: చీనీకాయల ఊరు

మూడో రోజు ఎర్రబస్సులో పులివెందుల చేరాను. దారి పొడుగునా చీనీ తోటలు, బస్టాండులో చీనీకాయల రాశులు. మేం బత్తాయి అనేదాన్ని ఇక్కడ చీనీకాయ అంటారు. డజను పది రూపాయలంటే రెండు డజన్లు కొన్నాను. మోయలేక ఒక డజను బస్టాండులో పెద్దమనిషికి ఇచ్చాను. ఆయన ఊరకే తీసుకోవడం ఇష్టం లేక నాకు గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలు పెట్టాడు. ఆ పల్లెకు బస్సెప్పుడని ఆయన్నే అడిగాను, ఆయన ఇంకొకరిని అడిగాడు. పల్లె పేరు నలుగురి నోళ్ళలో పడింది.

మధ్యాహ్నం హోటల్లో రాగిసంగటి, ఊరుబిండి అనే వేరుశెనగ పచ్చడి తింటుంటే నా ఎదురుగా ఒకతను వచ్చి కూర్చున్నాడు. నిన్నటి డ్రైవరు. పేరు ఓబులేసు అనుకోండి. తలుపు దగ్గర ఇంకొకడు నిలబడ్డాడు. అతని చూపు వీధి మీదే ఉంది.

"నిన్న మలుపుకాడ గడియారం పట్టుకోని నిలబడింది నువ్వేనా?"

సంగటి ముద్ద పళ్ళెంలోకి దించాను. అవునన్నాను.

"ఆ కాగితం రొంత ఇట్లియ్యి."

ఇచ్చాను. ఎవరైనా ఇస్తారు. ఓబులేసు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. వేలు పెట్టి ఒక్కొక్క డబ్బా కింద చదివాడు. "యా బండి యా మలుపులో ఎంతసేపు నిలబడతాది... ఎంత నిమ్మళంగా పోతాది... ఈ మాదిరి కాగితం మా తట్టు ఎవురు రాస్తారో తెలుసునా నీకు?"

తెలీదన్నాను.

"మనిషిని యేసేదానికి ముందర రాస్తారు. రెక్కీ అంటారు. ఎవురు పంపినారు నిన్ను?"

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. టీ బంకు ముసలాయన పొయ్యెందుకు ఆర్పాడో, వ్యాను ఎందుకు వెనక్కి తిరిగిందో అంతా ఒక్కసారిగా తెలిసింది. పర్సులోంచి కంపెనీ గుర్తింపు కార్డు తీసి చూపించాను. ఓబులేసు కార్డు మీది ఫోటోను, నన్ను మార్చి మార్చి చూశాడు. తరవాత తల పట్టుకుని హోటలంతా తిరిగి చూసేలాగా అరిచాడు.

"పాల కంపెనీ సారువా! నీ ఇల్లు బంగారంగాను, ఒగ మాట ఫోన్లో చెప్పిచ్చింటే పోయేది గదప్పా! నిన్ను జూసి, అరవై ఇండ్ల పాలు నేనే కాలవలో పోపిస్తి."

సంగటి సగంలోనే చెయ్యి కడుక్కున్నాను. నా బిల్లు ఓబులేసే ఇచ్చాడు, ఎంత చెప్పినా వినలేదు.

పేరు రాయని పల్లె

వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఓబులేసు నన్ను పల్లెకు తీసుకెళ్ళాడు. ఊరికి రెండు వీధులు, రెండు టీ బంకులు, బస్సు ఆగే చోట్లు రెండు. ఎగువ వీధిది ఒక పార్టీ, దిగువ వీధిది ఇంకో పార్టీ. మా వైపు పార్టీ అంటే ఓట్లప్పుడు గుర్తొచ్చేది. ఇక్కడ పార్టీ అంటే పెళ్ళికి ఎవరు వస్తారు, పొలానికి ఏ దారిన పోవాలి, అన్నీ అదే. రెండు వీధుల మధ్య ఉన్నది సుగుణమ్మ పాల కేంద్రం ఒక్కటే. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. "దొరలొచ్చినప్పుడు మా తాతల్నాడు ఈ మతంలో కలిసినోల్లం. మేం యా పార్టీకీ చెందం. అందుకే అందురూ మా కాడ పాలు పోస్తారు," అంది సుగుణమ్మ. నలభై ఏళ్ళుంటాయి, మాట కరుకు, చెయ్యి వేగం.

ఆమె కేంద్రంలో ఎగువ వీధికి వేరే క్యాన్లు, దిగువ వీధికి వేరే క్యాన్లు. నా చెయ్యి ఊరుకోదు కదా, "ఒకే క్యాన్లో పోస్తే సగం టైము మిగులుతుంది కదమ్మా," అన్నాను.

"పోస్తాం సారూ. రేప్పొద్దున ఇరిగినాయనుకో, మీ పాల వల్లే ఇరిగినాయని ఒగరి మీద ఒగరు పోతారు. నీ మిగిలిన టైములో వచ్చి ఇడిపిస్తావా?"

ఓబులేసు తిరిగిచ్చిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం ఆమె భర్త కనపడ్డాడు. దేవదానం అనుకోండి, జమ్మలమడుగులో ఒక బళ్ళో లెక్కల మాస్టారు. బక్కపలచని మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఎలా ఇల్లు చేరాడో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను కూడా తల వంచాను. నాటుకోడి పులుసు కారానికి చెవుల్లోంచి పొగలొచ్చాయి. దేవదానం నవ్వి, మజ్జిగ చెంబు నా వైపు జరిపాడు.

అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ కిందట ఇదే ఊరి బళ్ళో పాఠం చెబుతుండగా, కిటికీకి ఎదురుగా ఒక మనిషిని కొడవళ్ళతో నరికి చంపారు. పోలీసులు అడిగితే చూశానన్నాడు. అంతే, ఆ కేసుకు ఆయనే సాక్షి. వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి, ఆయన ఇంకా కోర్టులో చెప్పలేదు. చెప్పకముందే ఆయన లేకుండా పోవాలని కోరుకునేవాళ్ళున్నారు. జమ్మలమడుగుకు బదిలీ చేయించుకున్నా రోజూ పోవాలి. బస్సుల్లోంచి మనుషుల్ని దింపి నరికిన రోజులు కాబట్టి బస్సెక్కడు. పాల వ్యానులో క్యాన్ల వెనకాల కూర్చుని పోతాడు.

"చూడలేదని చెప్పేస్తే పోయేది కదండీ," అన్నాను. చిన్నగా అన్నాను, అయినా అన్నాను.

"నాతో పాటు ఆ కిటికీలో నుంచి నలభై మంది పిల్లోల్లు చూసినారప్పా," అన్నాడు దేవదానం. "నేను చూడలేదంటే, మర్నాడు బోర్డు మీద ఏం రాసి ఇది నిజమని చెప్పేది వాళ్ళకు?"

సుగుణమ్మ గిన్నెలు గట్టిగా సర్దింది. ఈ మాట ఆమె చాలాసార్లు విన్నదని తెలుస్తూనే ఉంది. "ఆయన నిజం ఆయనది. ఆయన్ను బడి చేర్చేది ఈ వ్యాను. ఇది నిలిచిపోతే నేనేం చెయ్యాల?" అంది నా మొహంలోకి చూస్తూ.

వ్యాను వేళ ఎందుకు తప్పుతుందో అప్పుడు తెలిసింది. రోజూ ఒకే వేళకు ఒకే మలుపు తిరిగితే ఎవరైనా ఆ మలుపులో కాచుకుంటారు. అందుకని వ్యాను రోజుకో చోట, రోజుకింతసేపు ఆగుతుంది. ఎంతసేపన్నది ఓబులేసు అనుకోడు, మాస్టారూ అనుకోడు. మనిషి అనుకుంటే అలవాటు పడిపోతాడట, అలవాటును పక్కవాడు పసిగడతాడట. పొద్దున్న చివరి పాలు పోశాక పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు ఏ అంకె చూపిస్తే, దాని చివరి అంకెను బట్టి ఆగడం. అసలుది లాక్టోమీటరు కాదు, ఇంకొకటి, కానీ అలాంటిదే అనుకోండి. లెక్కల మాస్టారు కదా. ఈ పద్ధతి చెప్పడానికి కంపెనీ మమ్మల్ని పంపిన పుణె శిక్షణలో ఐదు రోజులు తీసుకుంటారు, అప్పటికీ సగం మందికి అర్థం కాదు.

"మరి ఆదివారం?"

"ఆదివారం బడి లేదు గదా," అన్నాడు ఓబులేసు, నేనేదో పసివాణ్ణైనట్టు.

"కంపెనీకి చెప్పొచ్చు కదా ఇదంతా?"

"ఆపీసులో ఎవురు ఎవురి మనిషో నీకు తెలుసునా?" అన్నాడు. తెలీదు. నాకిప్పటికీ తెలీదు.

దేవదానం నా మ్యాపు అడిగి తీసుకుని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. కూడికలు కూడా సరిచూశాడు. "శానా చక్కగా గీసినావప్పా. ఇంత చక్కగా ఉండేదే దీంతో చిక్కు," అని మడిచి నా చేతికిచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి వెళ్ళి ఆ కాగితాన్ని సుగుణమ్మ పొయ్యిలో పెట్టాను. మూడు రోజుల పని. ఆమె దాని మీదే నీళ్ళు కాచి నాకు కాఫీ ఇచ్చింది.

మళ్ళీ ప్రొద్దుటూరు

నాలుగో రోజు ఐదింటికే పాలు పోశారు. ఎగువ వాళ్ళు ఒక వరస, దిగువ వాళ్ళు ఒక వరస, ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా. మొన్నటి పాలు పోయినందుకు ఎవరూ నన్నేమీ అనలేదు, అది నా వల్లేనని ఎవరికీ తెలీదు. తెలిసిన సుగుణమ్మ ఊరుకుంది. చివరి చెంబు కొలిచాక ఆమె ఓబులేసుకు అంకె చెప్పింది, అతను తలూపాడు.

దేవదానం క్యాన్ల వెనకాల, నేను ముందు. ఒక చీనీ తోట సందులో వ్యాను ఆగింది. ఇంజను ఆపేశాడు. మామూలుగా అయితే నేను గడియారం తీసేవాణ్ణి. మెళ్ళోంచి తీసి ముందే సంచిలో పడేశాను. వెనక నుంచి మాస్టారు లెక్కల నోట్సులు దిద్దుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది, కాగితం తిప్పడం, పెన్ను గీత, మళ్ళీ కాగితం. ఎంతసేపు ఆగామో నాకు నిజంగా తెలీదు. నా జీవితంలో కొలవకుండా కూర్చున్న పడిగాపులు అవే.

జమ్మలమడుగులో బడి వెనక గోడ దగ్గర ఆయన దిగాడు. చొక్కా దులుపుకుని, పెన్నులు సరిచూసుకుని, నా వైపు చెయ్యెత్తి నమస్కారం పెట్టి లోపలికి పోయాడు.

ప్రొద్దుటూరు గేటు దగ్గరికి తొమ్మిదిన్నరకు చేరాం. మా ముందు ఐదు వ్యాన్లు. అరుగు మీద ఎవరో తీరుబడిగా క్యాన్లు కడుగుతున్నారు. అప్పుడు చూశాను. చూడటమేమిటి, మొదటి రోజే చూసి చుట్టూ గీత గీశాను, కానీ నా కోపమంతా రోడ్డు మీద ఉంది. ఈ గేటు దగ్గర పోయే గంటా పది నిమిషాలు రోడ్డుకిచ్చేస్తే, దారిలో వ్యాను ఎక్కడ ఎంతసేపు ఆగినా పాలు విరగవు.

మేనేజరు గదిలో కూర్చుని కొత్త కాగితం మీద కొత్త మ్యాపు గీశాను. ప్రతి రూటుకూ రెండో జత క్యాన్లు పెట్టండి. వ్యాను పాలు వంపేసి, నిన్న కడిగిన జతను ఎక్కించుకుని వెంటనే వెళ్ళిపోవాలి. కడిగే తొట్టిని అరుగు మీంచి వెనక పెరట్లోకి మార్చండి. ఎగువ, దిగువ గుర్తులు రెండో జతకూ వేయించండి, అది మాత్రం మరవద్దు. పల్లె నుంచి గేటుదాకా ఉన్న దారినంతా ఒకే ఒక్క డబ్బాగా గీశాను. మలుపుల్లేవు, ఆగే చోట్లు లేవు. "రోడ్డు: రెండు గంటల నుంచి నాలుగు గంటలు" అని లోపల రాశాను.

"ఈ రెండుకీ నాలుగుకీ మధ్య ఏముందండీ?" అన్నాడు మేనేజరు.

"రోడ్డు బాగాలేదండీ," అన్నాను. "గేటు దగ్గర ఒక నెల చూడండి. విరిగితే అప్పుడు ఎత్తేద్దురు గాని. మొన్నటిది నా వల్ల విరిగింది, అది నా ఖాతాలో రాసుకోండి. కావాలంటే సంతకం పెడతాను."

సంతకం పెట్టించుకున్నాడు. ఆ వారంలోనే తొట్టి పెరట్లోకి మారింది.

హైదరాబాదు వచ్చాక

ప్రతి శనివారం ప్రొద్దుటూరు నుంచి రాకపోకల రిజిస్టరు ఫ్యాక్సులో వస్తుంది. మొదటి మూడు వారాలు వ్యాను వేళ ఎప్పట్లాగే తప్పుతూ వచ్చింది. గేటు దగ్గర మాత్రం పదిహేను నిమిషాలకు మించి ఆగలేదు. ఒక్క క్యాను విరగలేదు. నా అధికారి రోడ్డు డబ్బాను చూసి ముక్కు విరిచాడు గానీ, విరగని పాలను ఏమనలేకపోయాడు.

నాలుగో శనివారం ఫ్యాక్సు తీసుకుని ఆయనే నా బల్ల దగ్గరికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావా! సోమవారం ఎనిమిదీ ఇరవై. మంగళవారం ఎనిమిదీ ఇరవై. శుక్రవారందాకా అదే. దారికొచ్చాడయ్యా నీ డ్రైవరు," అన్నాడు. వీపు మీద తట్టాడు.

ఆయన చేతిలోంచి ఫ్యాక్సు లాక్కున్నాను. ఎనిమిదీ ఇరవై ఆదివారం వేళ. మాస్టారు వ్యానులో లేనప్పటి వేళ. పదకొండేళ్ళుగా ఏ వ్యాను దగ్గర్నుంచైనా నేను కోరుకున్నది సరిగ్గా ఇదే, ఐదు రోజులు వరసగా ఒకే నిమిషానికి రావడం. మధ్యాహ్నం అన్నం తినలేదు. ఓబులేసుకు ఫోన్ చెయ్యాలంటే మర్నాడు పొద్దున్న వ్యాను గేటు దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. ఆ పడిగాపులు మాత్రం నిమిషం నిమిషం లెక్కపెట్టాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకు మేనేజరు గదికి ఫోన్ చేసి ఓబులేసును పిలిపించాను. గదిలో మనుషులుంటారని తెలుసు, ఎలా అడగాలో తెలీలేదు.

"ఓబులేసూ, సారు... సారు ఎలా ఉన్నారు?"

అవతల ఎవరో క్యాన్లు దొర్లిస్తున్న చప్పుడు.

"దసరా సెలవులు గదప్పా!" అన్నాడు ఓబులేసు. "బడి లేదు. ఇంటికాడ ప్రార్థన మందిరానికి సున్నం కొడతాండాడు. ఆయమ్మ తిట్టినా నిచ్చెన దిగడంల్యా. నువ్వేందప్పా, అట్ల బెదిరిపోయినావు?"

కుర్చీలో కూలబడ్డాను. నవ్వాననుకున్నాను, మా ఆవిడ మాత్రం ఏడుస్తున్నారేమిటండీ అంది. నాకు పిల్లల్లేరు, బడి సెలవులు ఎప్పుడొస్తాయో ఎప్పుడూ పట్టించుకోలేదు.

"బడి తెరిచినాక మళ్ళా మొదలు సారూ, నువ్వు దిగులు పడాకు," అని ఫోన్ పెట్టేశాడు.

బడి తెరిచిన వారం, శనివారం పొద్దుటి నుంచీ ఫ్యాక్సు యంత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాగితం మెల్లగా బయటికొచ్చింది. సోమవారం తొమ్మిదీ పది. మంగళవారం ఎనిమిదీ నలభై. బుధవారం పదికి ఐదు నిమిషాలు. గురువారం తొమ్మిదీ పాతిక. ఒక్కొక్క అంకె దిగుతుంటే ఒక్కొక్క రోజు ఆయన బడి వెనక గోడ దగ్గర దిగి చొక్కా దులుపుకోవడం కళ్ళకు కట్టింది. నా అధికారి భుజం మీంచి చూసి, "ఛీ, మళ్ళీ మొదలెట్టాడు," అన్నాడు.

"అవునండీ, మళ్ళీ మొదలెట్టాడు," అన్నాను. ఆ ఫ్యాక్సు కాగితాన్ని ఫైల్లో పెట్టలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాను.